డెబ్భై నాలుగు ఓట్ల ఉపఖండం

మేఘ్‌ఖాలీ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పే ఎమ్దాదుల్ హక్ సారుకి ఈ ఉపఖండంలో తెలియని ఓటరు లేడు. కరాచీలో ఎవడు ఎవడి మాట విని ఓటేస్తాడో, పట్నాలో ఏ కులం ఏ కులంతో కలిస్తే ఎవరి కొంప మునుగుతుందో, కాఠ్మాండూలో ప్రభుత్వం ఏ నెలలో పడిపోతుందో ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాలుగు పుస్తకాలు, అరవై వ్యాసాలు రాశారు. ఎన్నికలొస్తే చాలు, ఢాకా టీవీ వాళ్ళు కారు పంపేవారు. ఆయన ఇస్త్రీ చేసిన పంజాబీ లాల్చీ వేసుకుని ఫెర్రీ దాటి వెళ్ళి, స్టూడియోలో కూర్చుని, "ఇది అంత తేలికైన విషయం కాదు" అని మొదలుపెట్టేవారు. ఫలితం ఎటు వచ్చినా ఆయన జోస్యం తప్పేది కాదు. ఎందుకంటే ఫలానావాడు గెలుస్తాడని ఆయన నోటివెంట ఎన్నడూ రాలేదు.

ఆయనకు పేరు తెచ్చిన సిద్ధాంతం మాత్రం ఒకటే. మన దేశాల్లో గుమ్మంలోకి వచ్చిన మనిషికి మొహం మీద కాదని చెప్పడం మర్యాద కాదు. ఓటడగడానికి వచ్చిన ప్రతివాడికీ టీ ఇచ్చి, "మీకు కాక ఇంకెవరికి?" అంటారు. కాబట్టి గుమ్మం ముందు విన్న ‘అలాగే’ల్లో సగం తీసేస్తే తప్ప అసలు లెక్క తేలదు. ఈ ముక్కని ఆయన రెండు వందల ఎనభై పేజీల్లో, పదకొండు పట్టికలతో నిరూపించారు. విదేశాల్లో కూడా దాన్ని పిల్లలకు పాఠంగా పెట్టారట.

ఆయన ప్రత్యేకత ఇంకొకటి ఉంది. ఆయనకు రంగు లేదు. మేఘ్‌ఖాలీలో అది చిన్న విషయం కాదు. అక్కడి పంతుళ్ళలో సగం మంది తెల్ల ప్యానెల్, సగం మంది నీలి ప్యానెల్. డీన్ ఎన్నిక, సిండికేట్ ఎన్నిక, పంతుళ్ళ సంఘం ఎన్నిక, అన్నీ ఈ రెండు రంగుల మధ్యే. కొత్తగా చేరినవాడు ముందు ఒక ప్యానెల్ ఫారం మీద సంతకం పెట్టాలి, తర్వాతే కూర్చోడానికి కుర్చీ దొరుకుతుంది. ఉత్తరం వైపు క్యాంటీన్లో నీలం వాళ్ళు టీ తాగరు, దక్షిణం వైపు దానిలో తెలుపు వాళ్ళు సింగాడా సమోసా కొరకరు. ఎమ్దాద్ సారు ఒక్కరే రెండు చోట్లా తాగేవారు. "ఆటని చదివేవాడు ఆడకూడదు" అనేవారు. రెండు పక్షాలూ ఆయన్ని గౌరవించేవి, సభలకు పిలిచి దండ వేసేవి, దండ తప్ప ఇంకేమీ ఇచ్చేవి కావు.

లుబ్నా ఆయన శిష్యురాలు. ఎమ్మేలో ఫస్టు, బంగారు పతకం. ఆయన దగ్గరే పరిశోధన పూర్తిచేసి, నాలుగేళ్ళుగా అదే డిపార్ట్‌మెంట్లో గంటల లెక్కన పాఠాలు చెబుతోంది. సారు టీవీలో మెరిసే రోజుల్లో ఆయన క్లాసులు కూడా ఆమెవే. లెక్చరర్ ఉద్యోగానికి రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్ళింది. మొదటిసారి తెలుపు వాళ్ళ అల్లుడికి వచ్చింది, రెండోసారి నీలం వాళ్ళ మేనకోడలికి. ఇప్పుడు మళ్ళీ రెండు పోస్టులు పడ్డాయి. ఫాల్గుణంలో లుబ్నాకు ముప్పై నిండుతాయి. ముప్పై నిండినవాళ్ళ దరఖాస్తు అసలు తీసుకోరు. తల్లినీ, చదువుకుంటున్న చెల్లెల్నీ ట్యూషన్లతో నెట్టుకొస్తున్న పిల్లకి ఇదే ఆఖరి అవకాశం.

"ఈసారి నీకు అన్యాయం జరగనివ్వను" అన్నారు సారు ఒక మధ్యాహ్నం, తన గదిలో బల్ల మీద చెయ్యి చరిచి.

"ఎలా సార్?"

"డీన్‌గా పోటీ చేస్తాను. ఇంటర్వ్యూ బోర్డులో డీన్‌కి కుర్చీ ఉంటుంది. నేను కూర్చున్న చోట ఎవడు నిన్ను కాదంటాడో చూస్తాను."

"ఏ ప్యానెల్ నుంచి సార్?"

"ఏ ప్యానెల్లూ లేదు. స్వతంత్రంగా."

"స్వతంత్రంగానా సార్?" అంది ఆమె, ఎవరికో ఒంట్లో బాగోలేదని విన్నట్టు.

ఫ్యాకల్టీలో ఓట్లు డెబ్భై నాలుగు. ఉపఖండంలో నూటయాభై కోట్ల పైచిలుకు జనం మనసులో మాట లాగిన మనిషికి డెబ్భై నాలుగు ఒక లెక్కా? సారు గీతల నోటుపుస్తకం ఒకటి కొని, మూడు గడులు గీశారు. గట్టి ఓటు, మెత్తటి ఓటు, అనుమానం. పన్నెండు సాయంత్రాలు క్వార్టర్స్‌లో గడప గడపకీ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ టీ, ఆవనూనె కలిపిన మరమరాలు, కొబ్బరి లౌజు. ప్రతి ఇంట్లోనూ అదే ఆదరణ. "ఇన్నాళ్ళకి ఒక మనిషి నిలబడ్డాడు సార్" అన్నాడొకడు. "నా ఓటు కోసం మీరు రావాలా? ఫోన్ చేస్తే చాలదూ?" అన్నాడు ఇంకొకడు. చరిత్ర చెప్పే ముసలి ప్రొఫెసరైతే సారు రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ ఓటుని సారు గట్టి గడిలో రాసి, కింద రెండు గీతలు కూడా గీశారు.

ఎన్నికకి రెండు రోజుల ముందు పొద్దున్నే ఆయన నోటుపుస్తకం ముందేసుకుని కూడికలు చేస్తుంటే, భార్య రౌషన్ ఆరా పరాటాలు పెడుతూ తొంగిచూసింది. ఆవిడ ఆడపిల్లల కాలేజీలో భూగోళం చెబుతుంది.

"ఎన్నొచ్చాయేమిటి?"

"యాభై రెండు గట్టివి. పదమూడు మెత్తవి. తొమ్మిది అనుమానం. మర్యాద కోసం చెప్పినవి ఓ ఐదు తీసేసినా నలభై ఏడు."

"ఐదేనా? సగం తియ్యాలని కదండీ మీ పుస్తకం?"

"అది ఓటర్ల సంగతి రౌషన్. వీళ్ళు ప్రొఫెసర్లు."

"ప్రొఫెసర్లు గుమ్మంలో అబద్ధం చెప్పరా?"

"చదువుకున్నవాళ్ళు. ఆలోచించి మాట ఇస్తారు."

"అవును, ఆలోచించే చెబుతారు" అంటూ ఆవిడ నోటుపుస్తకం తన వైపు తిప్పుకుంది. "అయ్యో, ఇదేమిటి? అఫ్సరుద్దీన్ పేరు కూడా ఉందేం? నీలం వాళ్ళ తరఫున మీ మీద నిలబడింది ఆయనే కదా!"

"ఇల్లు వదిలేస్తే బాగుండదని వెళ్ళాను. ‘భాయ్, నా ఓటు మీకే’ అన్నాడు."

"ఏ గడిలో రాశారు?"

సారు పరాటా తుంచుకున్నారు. "మెత్తటి గడిలో."

రౌషన్ ఆరా నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి చాలాసేపు గిన్నెల చప్పుడుతో పాటు నవ్వు కూడా వినబడింది. సారుకి ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు కాపురం చేసినా ఈ మనిషికి శాస్త్రం ఒంటబట్టలేదని విసుక్కున్నారు.

ఫలితం వచ్చింది. నీలం అఫ్సరుద్దీన్‌కి ముప్పై ఏడు, తెలుపు అభ్యర్థికి ముప్పై నాలుగు, ఎమ్దాద్ సారుకి మూడు. అందులో ఒకటి ఆయన స్వయంగా వేసుకున్నది. సాయంత్రానికల్లా పదకొండు మంది విడివిడిగా వచ్చి, ఆ మూడింట్లో ఒకటి తమదేనని చెవిలో చెప్పి వెళ్ళారు. ముసలి చరిత్ర ప్రొఫెసరు మళ్ళీ చేతులు పట్టుకున్నాడు, మళ్ళీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ శుక్రవారమే టీవీ వాళ్ళు ఏదో ఉప ఎన్నిక గురించి చర్చకి పిలిస్తే సారు వెళ్ళారు కూడా. "ఓడిన అభ్యర్థి జనం నాడి పట్టుకోలేకపోయాడు" అని వివరంగా చెప్పి వచ్చారు.

బయటికి అలా ఉన్నారు గానీ, లోపల ఆయనకి తిండి సహించడం లేదు. ఓడిపోయినందుకు అంత బాధ లేదు. లుబ్నా మొహం చూడలేకపోతున్నారు. ఆమె మామూలుగానే వస్తోంది, క్లాసులు చెబుతోంది, పేపర్లు దిద్దుతోంది, ఒక్క మాట కూడా అనడం లేదు. ఆ అనకపోవడమే ఆయన్ని తినేస్తోంది.

వారం తిరక్కుండా కొత్త డీన్ అఫ్సరుద్దీన్ చమ్‌చమ్ మిఠాయి పెట్టె పట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఎమ్దాద్ భాయ్, ఎన్నికలు వస్తాయి పోతాయి. మన స్నేహం ముఖ్యం."

"ఓటు నాకేస్తానన్నావు."

"మనసులో మీకే వేశాను భాయ్" అన్నాడు అఫ్సర్ ఏమాత్రం తొణక్కుండా. "సరే, అసలు విషయానికొస్తాను. వచ్చే నెల సిండికేట్ ఎన్నిక. మాకూ తెలుపు వాళ్ళకీ మధ్య తేడా మూడు ఓట్లు. మీ దగ్గరున్నవి మూడు ఓట్లు."

"నా ఓటు ఒకటే అఫ్సర్. మిగతా రెండూ ఎవరివో నాకే తెలియదు."

"ఆ సంగతి మీకూ నాకూ తెలుసు. తెలుపు వాళ్ళకి తెలియదు కదా!" అతను జేబులోంచి నీలం రంగు ఫారం తీసి మిఠాయి పెట్టె పక్కన పెట్టాడు. "మీరు మావైపు వచ్చారంటే ముగ్గురు వచ్చినట్టే. వాళ్ళ కాళ్ళు అక్కడే వణుకుతాయి."

"నాకు రంగులు పడవని నీకు తెలుసు."

"మీకు కాదు భాయ్, లుబ్నాకి. రెండు పోస్టులున్నాయి. ఒకటి వాళ్ళది, ఒకటి మాది. వైస్ ఛాన్సలర్ గదిలో టీ తాగుతూ ఎప్పుడో పంచేసుకున్నాం. మా పోస్టుకి ఇంకా మనిషి ఖాయం కాలేదు."

"ఆ అమ్మాయి బంగారు పతకం..."

"దరఖాస్తుల్లో బంగారు పతకాలు తొమ్మిది ఉన్నాయి. వెనక మనిషి ఉన్నది ఎవరికా అని చూస్తున్నాం."

రౌషన్ ఆరా టీ కప్పులు తెచ్చి, ఫారం కేసి ఒకసారీ, భర్త కేసి ఒకసారీ చూసి వెళ్ళిపోయింది. ఇలాంటి బేరాల గురించి సారు తన మూడో పుస్తకం మొత్తం రాశారు. ఆశ్రితుడు ఎప్పుడు లొంగుతాడో, ఏ మాటలు చెప్పుకుని తనని తాను ఊరడించుకుంటాడో అందులో ఒక అధ్యాయమే ఉంది. ఆ మాటలన్నీ వరసగా ఆయనకి గుర్తొచ్చాయి. అన్నీ నిజమేననిపించాయి. సంతకం పెట్టేశారు. సిగ్గేసింది, ఆ సిగ్గులోనే పిల్ల గట్టెక్కిందన్న సంతోషం కూడా కలిగింది.

లుబ్నాకి మాత్రం చెప్పలేదు. ముప్పై ఏళ్ళు రంగు లేదని బోర విరుచుకుని తిరిగినవాడు ఆ మాట ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? ఉద్యోగం వచ్చాక చెప్పొచ్చులే అనుకున్నారు.

ఇంటర్వ్యూలు మంగళవారం జరిగాయి. గురువారం నోటీసు బోర్డు మీద రెండు పేర్లు అంటించారు. ఒకరు తెలుపు వాళ్ళ తమ్ముడి కొడుకు. ఒకరు నీలం వాళ్ళ పాత అద్దెదారు కూతురు. లుబ్నా పేరు ఎక్కడా లేదు.

సారు రొప్పుతూ డీన్ గదిలోకి వెళ్ళారు. "ఇదేనా నీ మాట?"

అఫ్సరుద్దీన్ ఆయనకంటే కోపంగా ఉన్నాడు. "మాట తప్పింది నేనా, మీరా? బోర్డులో నా పరువు తీశారు. మీ పిల్ల పేరు నేను ఎత్తగానే తెలుపు వాళ్ళ మనిషి పగలబడి నవ్వాడు. నెల కిందటే ఆమె వాళ్ళ ఫారం మీద సంతకం పెట్టిందట. తీసి బల్ల మీద పెట్టాడు. తెలుపు వాళ్ళ పిల్లని నీలం కోటాలో ఎలా ఇస్తాం భాయ్?"

సారు మెట్లు దిగి తన గదికి వచ్చేసరికి లుబ్నా అక్కడే కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడవడం లేదు.

"తెల్ల ప్యానెల్లో చేరావా?" అన్నారాయన.

"చేరాను సార్. మీరు స్వతంత్రంగా నిలబడతానన్న రోజే వెళ్ళి సంతకం పెట్టాను."

"నా మీద నమ్మకం లేదా?"

"మీరు గెలవరని తెలుసు సార్. మూడో క్లాసు పిల్లాడిక్కూడా తెలుసు. మీతో చెబితే బాధపడతారని చెప్పలేదు. వాళ్ళ పోస్టు నాకే అనుకున్నారు సార్. లిస్టులో నా పేరు రాసుకున్నారు కూడా. ‘మీ సారుకి ఏ రంగూ లేదు కాబట్టి నువ్వు మాకు పనికొస్తావు’ అన్నారు. సోమవారం పిలిచి, ‘మీ సారు నీలంలో చేరాడట కదా, ఇంకెందుకొచ్చావు?’ అన్నారు. ఇక్కడ గురువుది ఏ రంగైతే శిష్యులదీ అదే రంగని మీకు తెలియదా సార్? దీని మీద మీరు వ్యాసం కూడా రాశారు. టైపు చేసింది నేనే."

"నీ కోసమే సంతకం పెట్టాను లుబ్నా."

"తెలుసు సార్. నేనూ నా కోసమే పెట్టాను. ఇద్దరం పెట్టకపోయినా వచ్చేది కాదు, ఒక్కరమే పెట్టి ఉంటే వచ్చేది." ఆమె లేచి నిలబడింది. "నా పతకం ఎవరికీ అక్కర్లేకపోయింది. మీకు రంగు లేకపోవడం ఒక్కటే ఇక్కడ నాకున్న అర్హత. అదీ మీరే తీసేశారు."

ఫాల్గుణం వచ్చింది. లుబ్నాకు ముప్పై నిండాయి. రంగ్‌పూర్ వైపు ఏదో స్వచ్ఛంద సంస్థలో చేరింది. ఊళ్ళ వెంట తిరిగి, గడప గడపకీ వెళ్ళి, ప్రశ్నల కాగితం నింపే ఉద్యోగం. సిండికేట్ ఎన్నికలో నీలం ఒక్క ఓటుతో గెలిచింది. ఎమ్దాద్ సారుకి దక్షిణం గాలి వచ్చే క్వార్టర్స్ ఇచ్చారు.

మూడు నెలలు ఆయన ఏమీ రాయలేదు. వరండాలో కూర్చుని గాలి పీల్చుకున్నారు, బెంగపడ్డారు, టీవీ వాళ్ళ కారు వస్తే ఒంట్లో బాగోలేదని తిప్పి పంపేశారు. నాలుగో నెలలో కలం పట్టారు. దక్షిణాసియాలోని ఒకానొక విశ్వవిద్యాలయం అని మొదలుపెట్టి, పేర్లు మార్చి, ఆచార్యుడు ‘ఎ’ అనీ, శిష్యురాలు ‘ల’ అనీ పెట్టి, జరిగిందంతా నలభై పేజీల వ్యాసంగా రాశారు. ఆయన జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. విదేశీ పత్రిక సంపాదకుడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంత లోపలి సమాచారం ఎలా సేకరించగలిగారని ఆశ్చర్యపోతూ, చిన్నచిన్న సవరణలు చేసి పంపితే వెంటనే అచ్చువేస్తామని జవాబు రాశాడు.

ఆ జవాబు చదివి సారు చాలా రోజుల తర్వాత కడుపునిండా ఇలిష్ చేప పులుసు తిన్నారు. రౌషన్ ఆరా వ్యాసం మొత్తం చదివి బల్ల మీద పెట్టింది.

"ఆ పిల్లని అడిగారా?"

"పేర్లు మార్చాను కదా."

"అడిగారా అంటున్నాను."

తప్పదనిపించి సారు ఒక ప్రతి రంగ్‌పూర్‌కి పోస్టు చేశారు. ‘అభ్యంతరం ఉంటే రాయి, ఆపేస్తాను’ అని చీటీ కూడా పెట్టారు. ఆ చీటీ రాసేటప్పుడు నిజంగానే ఆపేస్తాననుకున్నారు.

పదో రోజున కాగితాలు తిరిగి వచ్చాయి. చీటీకి జవాబు లేదు. వ్యాసం నిండా పెన్సిల్ గుర్తులు. రెండో పట్టికలో కూడిక తప్పుంటే దిద్దింది. ఒక తేదీ సరిచేసింది. ఒక వాక్యం మరీ పొడుగైతే రెండుగా విరిచింది. ముప్పై ఒకటో పేజీలో ‘ఫలితం చూసి శిష్యురాలు ల తీవ్ర నిరాశకు లోనయింది’ అన్న చోట, పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో ఇలా రాసి ఉంది.

‘నిరాశ కాదు సార్. కోపం. మీ మీద. ఇంకా తగ్గలేదు. దయచేసి సరిచేయగలరు.’

సారు ఆ పేజీ పట్టుకుని వరండాలో కూర్చున్నారు. కొంతసేపటికి కళ్ళజోడు తుడుచుకుని, కలం తీసి, ‘నిరాశ’ కొట్టేసి ‘కోపం’ అని రాశారు. ఒకసారి పైకి చదువుకున్నారు. వాక్యం ఇప్పుడు చక్కగా కుదిరిందనిపించింది. అలా అనిపించినందుకు ఆయనకి తలెత్తుకోలేనంత సిగ్గేసింది. తర్వాత కాగితాలు వరసగా సర్ది, కవర్లో పెట్టి, పత్రిక చిరునామా రాసి అంటించారు.